మొదటి గేమింగ్ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు: మానిటర్ దగ్గర మొదలుపెట్టి ఎస్‌పీ రోడ్డు బిల్లు దాకా

ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి, మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో అద్దె ఇంట్లో ఉంటూ, మొదటిసారి సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కూర్చుకోవాలనుకునే తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. ర్యామ్ తక్కువైతే తర్వాత ఇంకొకటి జోడించుకోవచ్చు, స్టోరేజీ చాలకపోతే మరో డ్రైవు పెట్టుకోవచ్చు. కార్డు విషయంలో ఆ వెసులుబాటు లేదు. తప్పుగా ఎంచుకుంటే దాన్ని తక్కువ ధరకు అమ్ముకుని కొత్తది కొనడం ఒక్కటే దారి.

చాలామంది ముందు కార్డు పేరు మనసులో పెట్టుకుని, తర్వాత దానికి తగ్గట్టు మిగతావి సర్దుకుంటారు. ఆ క్రమాన్ని తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. మానిటర్, ఆడబోయే ఆటలు, కార్డులోని మెమరీ, కరెంటు, క్యాబినెట్‌లో చోటు అన్న వరుసలో ఒక్కొక్కటీ తేల్చుకుంటూ వస్తే చివరికి రెండు మూడు కార్డులే మిగులుతాయి. వాటిలో ధర చూసి ఒకటి తీసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

మొదటి మెట్టు: బల్ల మీది మానిటర్

తెర మీది ఒక్కో చుక్కకు ఏ రంగు రావాలో లెక్కకట్టడమే గ్రాఫిక్స్ కార్డు పని. 1920×1080 తెరలో అలాంటి చుక్కలు సుమారు 20.7 లక్షలు, 2560×1440 తెరలో 36.9 లక్షలు, 4కే అని పిలిచే 3840×2160 తెరలో 82.9 లక్షలు ఉంటాయి. అంటే 1080పీ మానిటర్ మీద హాయిగా నడిచే ఆటను 4కేలో ఆడాలంటే ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీదికి వచ్చే ఒక్కో బొమ్మకూ, నాలుగు రెట్ల చుక్కలు లెక్కకట్టాలి. దీనికి తోడు వేగం ఉంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లలో తయారుచేయాలి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను పూర్తిగా వాడుకోవాలంటే 6.9 మిల్లీసెకన్లే గడువు. మీకు ఎంత శక్తి గల కార్డు కావాలన్నది ఈ రెండు సంఖ్యలే చాలావరకు నిర్ణయిస్తాయి.

ఇంట్లో పాత 60 హెర్ట్జ్ 1080పీ మానిటర్ ఉండి, దాన్నే వాడదలచుకుంటే ఖరీదైన కార్డు కొనడంలో అర్థం లేదు. కార్డు సెకనుకు 150 ఫ్రేములు తయారుచేసినా ఆ తెర 60 మాత్రమే చూపిస్తుంది. అదే డబ్బును రెండుగా చేసి, మధ్యస్థమైన కార్డు ఒకటి, 144 హెర్ట్జ్ లేదా అంతకు మించిన, ఐపీఎస్ రకం తెర ఉన్న మానిటర్ ఒకటి తీసుకుంటే కంటికి తెలిసే మేలు చాలా ఎక్కువ. కొత్తగా కొనేవారు 24 అంగుళాలైతే 1080పీ, 27 అంగుళాలైతే 1440పీ తీసుకోవడం మంచిది; 27 అంగుళాల తెరపై 1080పీ పెడితే అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తాయి. ఏది తీసుకున్నా ఫ్రీసింక్ లేదా జీ-సింక్ ఉండేలా చూసుకోవాలి. కార్డు ఇచ్చే ఫ్రేముల వేగం మారినప్పుడల్లా మానిటర్ కూడా తన వేగాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటుంది కాబట్టి, ఆట 60 నుంచి 50 ఫ్రేములకు పడిపోయినా తెర చిరిగినట్టు కనిపించదు. మధ్యస్థ కార్డు కొన్నవారికి ఈ సౌకర్యం చేసే మేలు ఇంతా అంతా కాదు.

రెండో మెట్టు: ఏ ఆటలు ఆడతారు

ఒక కాగితం తీసుకుని, రాబోయే రెండేళ్లలో నిజంగా ఆడబోయే ఆటల పేర్లు రాయండి. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలే ఎక్కువైతే గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్ మీదే భారం పడుతుంది. 1080పీలో వీటికి సాధారణ కార్డు సరిపోతుంది. సైబర్‌పంక్ 2077 వంటి, కథతో నడిచే పెద్ద ఆటలైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. వెలుగు, నీడ, ప్రతిబింబాలను కిరణాల వారీగా లెక్కకట్టే రే ట్రేసింగ్ ఈ ఆటల్లో కార్డు శక్తిని తోడేస్తుంది.

ఇక్కడ కొత్తగా వచ్చిన మార్పు ఒకటి గమనించాలి. కొంతకాలం క్రితం వరకు రే ట్రేసింగ్ ఇష్టమైతే వాడుకునే సదుపాయంగా ఉండేది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ ఆటలు మాత్రం రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న కార్డునే అడుగుతాయి. అందుకే ఎన్విడియా జీటీఎక్స్ 1660 సూపర్, ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 5700 వంటి పాత కార్డులు సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చవకగా దొరికినా, కొత్త ఆటలు ఆడాలనుకునేవారికి వాటిని సూచించలేను.

కార్డుల సమీక్షలు చూసేటప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య దగ్గరే ఆగిపోకూడదు. పక్కనే ‘1 శాతం లో’ (1% low) అనే సంఖ్య ఇస్తారు. అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 90 ఉండి ఈ సంఖ్య 30 ఉన్న కార్డు కంటే, సగటు 75 ఉండి ఈ సంఖ్య 60 ఉన్న కార్డు మీద ఆట సాఫీగా సాగుతుంది. చేతికి తెలిసే కుదుపులన్నీ ఈ రెండో సంఖ్యలోనే దాగి ఉంటాయి.

మూడో మెట్టు: మెమరీ

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టమని కోరుతున్నాను, ఎందుకంటే మొదటిసారి కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆటలోని గోడలు, నేల, ముఖాలు, దుస్తుల బొమ్మలన్నీ కార్డు మీదనే ఉన్న వీర్యామ్ (VRAM) అనే మెమరీలో సిద్ధంగా ఉండాలి. ఇది వంటింటి గట్టు లాంటిది: కావలసినవన్నీ గట్టు మీద పడితే వంట చకచకా సాగుతుంది, పట్టకపోతే ప్రతిదానికీ సామాన్ల గదికి వెళ్లి రావాలి. వీర్యామ్ నిండిపోయినప్పుడు కార్డు కంప్యూటర్ ర్యామ్ నుంచి మదర్‌బోర్డు మీదుగా సమాచారం తెచ్చుకుంటుంది. ఆ దారి వీర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అప్పుడు ఆట హఠాత్తుగా ఆగి ఆగి నడుస్తుంది, లేదా గోడల మీది రాతలు మసకగా కనిపించి కొన్ని క్షణాల తర్వాత తేరుకుంటాయి. కొన్ని ఆటలు చెప్పాపెట్టకుండా బొమ్మల నాణ్యతను తగ్గించేస్తాయి కాబట్టి, ఫ్రేముల సంఖ్య మాత్రమే చూస్తే ఈ లోపం కంటపడదు కూడా.

నా సలహా ఇది. పోటీ ఆటలు మాత్రమే ఆడేవారికి, 1080పీలో సెట్టింగులు తగ్గించుకోవడానికి అభ్యంతరం లేనివారికి 8 జీబీ చాలు. 1080పీలోనే కొత్త పెద్ద ఆటలను మంచి సెట్టింగులతో ఆడాలంటే 12 జీబీ ఉండాలి. 1440పీ ఆడేవారు, ఒకే కార్డును నాలుగేళ్లు వాడదలచుకున్నవారు 16 జీబీ కోసం ప్రయత్నించాలి. రే ట్రేసింగ్, ఫ్రేముల మధ్య ఊహించి గీసినవాటిని చొప్పించే ఫ్రేమ్ జెనరేషన్ రెండూ అదనంగా వీర్యామ్ తింటాయని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఒకే పేరుతో వేర్వేరు మెమరీ గల కార్డులు అమ్మడం ఈ రంగంలో పరిపాటి అయిపోయింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, అదే ఏడాది జూన్‌లో వచ్చిన ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రూపాల్లో దొరుకుతాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల పేరు ఒక్కటే, మూలన చిన్నగా ఉన్న అంకె వేరు. ఇంకా పాతవాటిలో తేడా మెమరీ దగ్గర ఆగదు. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీ కార్డుకు లెక్కలు కట్టే కోర్లు 2560 ఉంటే, 6 జీబీ కార్డుకు 2304 మాత్రమే ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ కార్డు మెమరీ దారి వెడల్పు 192 బిట్లు, తర్వాత అదే పేరుతో వచ్చిన 8 జీబీ కార్డుది 128 బిట్లు. దుకాణంలో ధర అడిగేటప్పుడు, బిల్లు రాయించుకునేటప్పుడు పేరుతో పాటు మెమరీ అంకెను కూడా నోటితో చెప్పి, కంటితో చూసుకోవాలి.

మెమరీ ఎక్కువ ఉంటే చాలుననీ అనుకోకూడదు. బలహీనమైన చిప్‌కు ఎంత మెమరీ తగిలించినా అది వేగంగా పరుగెత్తదు. సరిసమానమైన శక్తి గల రెండు కార్డులు ఎదురుగా ఉన్నప్పుడు మెమరీ ఎక్కువ ఉన్నదాని వైపు మొగ్గాలన్నదే నా ఉద్దేశం.

నాలుగో మెట్టు: మూడు కంపెనీలు

గ్రాఫిక్స్ చిప్‌లు రూపొందించి ఇచ్చేది ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్. డబ్బా మీద కనిపించే ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్, సఫైర్ వంటి పేర్లు ఆ చిప్ చుట్టూ ఫ్యాన్లు, హీట్‌సింక్ బిగించి అమ్మేవారివి. ఒకే చిప్ మీద మూడు ఫ్యాన్లు, రంగురంగుల దీపాలు ఉన్న కార్డుకూ, సాదా రెండు ఫ్యాన్ల కార్డుకూ వేగంలో తేడా కొద్ది శాతమే ఉంటుంది. దీపాల కోసం పెట్టే అదనపు డబ్బును ఎక్కువ మెమరీ మీదనో, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే మంచి ఎస్‌ఎంపీఎస్ మీదనో పెడితే అది ఎప్పటికైనా అక్కరకొస్తుంది.

బెంగళూరులో ఉండే మన తెలుగువారిలో సాఫ్ట్‌వేర్ పనివారు చాలామంది. రాత్రి ఆట ఆడే కంప్యూటర్ మీదే మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవాలనో, బ్లెండర్‌లో బొమ్మలు చేయాలనో అనుకునేవారు ఎన్విడియా వైపు వెళ్లడం మేలు. ఎన్విడియా కార్డులతో లెక్కల పనులు చేయించే, 2007లో మొదలైన క్యూడా అనే సాఫ్ట్‌వేర్ వేదిక చుట్టూనే ఆ పనులకు కావలసిన సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం అల్లుకుపోయింది. రే ట్రేసింగ్‌లోనూ, తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్‌లోనూ ఎన్విడియాకు మంచి పేరుంది. ఆటలు మాత్రమే ఆడేవారికైతే ఏఎమ్‌డీ చాలా సందర్భాల్లో అదే డబ్బుకు ఎక్కువ మెమరీ ఇస్తుంది. డీఎల్ఎస్ఎస్ లాంటి పనే చేసే, ఆర్‌ఎక్స్ 9000 వరుసలో వచ్చిన ఎఫ్ఎస్ఆర్ 4తో బొమ్మ నాణ్యతలో ఉన్న పాత వెలితి కూడా బాగా తగ్గింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీ మెమరీతో, తక్కువ ధరలో వస్తుంది కాబట్టి ఆకర్షిస్తుంది. అయితే దానికి మదర్‌బోర్డులో, కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సెట్టింగు తప్పనిసరిగా ఆన్ అయి ఉండాలి, పాత ప్రాసెసర్లతో దాని వేగం గణనీయంగా తగ్గుతుంది. కొత్త ప్రాసెసర్‌తో కూర్చుకునేవారే దాన్ని పరిశీలించాలి.

ప్రకటనల్లో కనిపించే ఫ్రేమ్ జెనరేషన్ అంకెల విషయంలో ఒక హెచ్చరిక. కార్డు నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య ఊహించి గీసిన ఫ్రేములను చొప్పించే పద్ధతి ఇది. తెర మీద కదలిక నునుపుగా కనిపిస్తుంది గానీ, మౌస్ కదిపాక ఆట స్పందించే సమయం తగ్గదు, పైగా కొంత పెరుగుతుంది. అసలు ఫ్రేములు సెకనుకు కనీసం 60 దగ్గర ఉన్నప్పుడే ఇది బాగుంటుంది. 25 ఫ్రేములను 100గా చూపించినా చేతికి ఆ 25 మొద్దుతనమే తగులుతుంది. రెండు కార్డులను పోల్చేటప్పుడు ఈ సదుపాయం ఆపి తీసిన అంకెలనే చూడాలి.

ఐదో మెట్టు: ప్రాసెసర్, మదర్‌బోర్డు

రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400ఎఫ్ స్థాయి ప్రాసెసర్ ఉంటే మధ్యస్థ కార్డులన్నిటికీ సరిపోతుంది. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటికి సొంత గ్రాఫిక్స్ ఉండవు, కాబట్టి కార్డు వచ్చేదాకా తెర మీద ఏమీ రాదు. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్కుగా కాకుండా రెండు 8 జీబీ స్టిక్కులుగా వేసుకుంటే రెండు చానెళ్లు పనిచేసి ఫ్రేములు నిలకడగా వస్తాయి. పాత మదర్‌బోర్డు వాడేవారు ఇంకొకటి చూసుకోవాలి: ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ కార్డులు మదర్‌బోర్డు స్లాటులో సమాచారం ప్రయాణించే 16 దారుల్లో ఎనిమిదింటినే వాడతాయి. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పెట్టినప్పుడు ఆ దారి మరీ ఇరుకవుతుంది. వీర్యామ్ నిండితే 8 జీబీ కార్డు అక్కడ ఇంకా ఎక్కువగా తడబడుతుంది.

ఆరో మెట్టు: కరెంటు

ముందు ఎస్‌ఎంపీఎస్. ఎన్విడియా తన కార్డులతో పాటు మొత్తం కంప్యూటర్‌కు ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలో చెబుతుంది: 145 వాట్లు తీసుకునే ఆర్‌టీఎక్స్ 5060కి 550, 250 వాట్ల 5070కి 650, 300 వాట్ల 5070 టీఐకి 750. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద ఎంత పెద్ద అంకె ముద్రించి ఉన్నా దాన్ని నమ్మి గ్రాఫిక్స్ కార్డు తగిలించకండి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ అనే సామర్థ్య ముద్ర లేదా అంతకు పైది ఉన్నది, కనీసం ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోవాలి. అది పాడైతే తనతో పాటు కార్డునూ మదర్‌బోర్డునూ తీసుకుపోగలదు.

కార్డుకు కరెంటు రెండు చోట్ల నుంచి అందుతుంది. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు ఇస్తుంది; ఆపైన కావలసినది ఎస్‌ఎంపీఎస్ కేబుల్ నుంచి రావాలి. 6 పిన్ల కేబుల్ 75 వాట్లు, 8 పిన్ల కేబుల్ 150 వాట్లు మోస్తాయి. రెండు 8 పిన్ల సాకెట్లు ఉన్న కార్డుకు ఒకే కేబుల్‌కు ఉన్న రెండు కొసలు తగిలించకుండా, రెండు విడి కేబుళ్లు వాడటం మంచిది. కొన్ని కార్డులకు చిన్నగా 12 లావు పిన్లు, నాలుగు సన్న పిన్లు ఉన్న కొత్త సాకెట్ ఉంటుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులపై ఇలాంటి సాకెట్లు కరిగిన సంఘటనలు బయటపడ్డాయి; కేబుల్ పూర్తిగా లోపలికి దిగకపోవడం వాటికి ఒక ముఖ్య కారణంగా తేలింది. అందుకే ఆ కేబుల్‌ను నొక్కాక టార్చి వేసి పక్క నుంచి చూసి, సందు కనిపించకుండా ఉందని నిర్ధారించుకోవాలి, సాకెట్ మొదట్లోనే కేబుల్‌ను వంచకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఒక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన విడి కేబుళ్లను మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించకండి. పట్టే ఆకారం ఒకటే అయినా లోపలి తీగల వరుస వేరుగా ఉండి భాగాలు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఇంటి సంగతి. అద్దె ఇళ్లలో కొన్నిటిలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ తీగ ఉండదు. క్యాబినెట్ ఇనుప అంచు తాకితే వేళ్లకు సన్నగా జిల్లుమని అనిపిస్తే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించిన తర్వాతే కంప్యూటర్ వాడాలి. కరెంటు కోతల కోసం యూపీఎస్ పెట్టుకునేవారు దాని మీది వీఏ అంకెను వాట్లుగా పొరబడకూడదు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూడా కుప్పకూలవచ్చు. మధ్యస్థ కార్డుకు 1000 వీఏ తగినది. అది ఆటను కొనసాగించడానికి కాకుండా, సేవ్ చేసి సక్రమంగా ఆపడానికి సరిపోయేంత సమయం ఇస్తుంది.

బిల్లు లెక్క కూడా చెప్పుకుందాం. 350 వాట్లు తీసుకునే కంప్యూటర్ మీద రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు సుమారు 31 యూనిట్లు అవుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇంట్లో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి, ఇప్పటికే ఆ హద్దుకు దగ్గరగా ఉన్నవారు ఈ 31 యూనిట్లను ముందే కలిపి చూసుకోవాలి.

ఏడో మెట్టు: చోటు, గాలి

క్యాబినెట్ వివరాల్లో పట్టే కార్డు పొడవు మిల్లీమీటర్లలో ఇస్తారు. ముందు భాగంలో ఫ్యాన్లు గానీ రేడియేటర్ గానీ బిగిస్తే ఆ పొడవు తగ్గిపోతుందని గుర్తుంచుకుని, టేపు పెట్టి మీరే కొలవండి. మందం కూడా ముఖ్యమే. రెండున్నర, మూడు స్లాట్ల మందం ఉన్న కార్డు చిన్న క్యాబినెట్‌లో అడుగున ఉన్న ఎస్‌ఎంపీఎస్ కప్పుకు ఆనుకుంటే దాని ఫ్యాన్లకు గాలి అందదు. బెంగళూరు వాతావరణం చెన్నై, విజయవాడలతో పోలిస్తే కంప్యూటర్‌కు దయగలది. ఇక్కడి సమస్య దుమ్ము. ఎప్పుడూ ఏదో ఒక తవ్వకం జరిగే రోడ్డు పక్కన ఉండేవారు ముందు భాగం జాలీగా ఉండి, తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ కొనుక్కోవాలి. ముందంతా గాజు పలకతో మూసి ఉన్నవి చూడటానికి అందంగా ఉంటాయి గానీ నేను వాటిని సూచించను.

ఎనిమిదో మెట్టు: ఎస్‌పీ రోడ్డులో కొనడం

టౌన్ హాల్ దగ్గరి ఎస్‌పీ రోడ్డు బెంగళూరులో కంప్యూటర్ భాగాల పెద్ద బజారు. చిక్‌పేట, కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. బండి నిలపడానికి చోటు దొరకడం కష్టం కాబట్టి మెట్రోలో వెళ్లడమే సుఖం. వెళ్లేముందు ఆన్‌లైన్ దుకాణాల్లో అదే మోడల్ ఆ రోజు ధర రాసి పెట్టుకోండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఆర్నెల్ల నాటి వీడియోలో చెప్పిన ధరను పట్టుకుని బేరమాడితే ప్రయోజనం ఉండదు.

దుకాణంలో అడగడం కూడా స్పష్టంగా ఉండాలి. “గేమింగ్‌కు మంచి కార్డు ఏముందన్నా?” అని అడిగితే వాళ్ల దగ్గర నిల్వ ఉన్నది చూపిస్తారు. “9060 ఎక్స్‌టీ, 16 జీబీ, రెండు ఫ్యాన్లది, జీఎస్‌టీ బిల్లుతో కలిపి ఎంతండీ?” అని అడిగితే సూటిగా ధర వస్తుంది. కన్నడం రాకపోయినా బెంగపడనక్కర్లేదు, తెలుగులో అడిగినా చాలా చోట్ల అర్థం చేసుకుంటారు. మూడు నాలుగు దుకాణాల్లో ఇదే వాక్యంతో అడిగి చూడండి.

బిల్లు లేకుండా తీసుకుంటే ఇంత తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గ్రాఫిక్స్ కార్డు మీద జీఎస్‌టీ 18 శాతం, కాబట్టి ఆ తగ్గింపు నోరూరించే మాట నిజమే. కానీ మూడేళ్ల వారంటీకి ఆధారం ఆ కాగితమే. బిల్లు మీద మోడల్ పూర్తి పేరు, మెమరీ, సీరియల్ నంబరు, దుకాణం జీఎస్‌టీ నంబరు ఉండాలి. డబ్బా మీది సీరియల్ నంబరూ కార్డు వెనక అంటించిన స్టిక్కరు మీది నంబరూ ఒకటేనా అని అక్కడే, డబ్బా తెరిచే వీడియో తీస్తూ చూసుకోండి. విదేశం నుంచి ఎవరో తెచ్చిన కార్డును చవకగా ఇస్తామంటే దానికి భారతదేశంలో వారంటీ వర్తిస్తుందో లేదో తయారీ కంపెనీ వెబ్‌సైటులో సీరియల్ నంబరు కొట్టి తెలుసుకోవాలి. దుకాణంతో న్యాయమైన పరిష్కారం దొరకని పరిస్థితి వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనడం తప్పేమీ కాదు గానీ, పనిచేస్తున్న కంప్యూటర్‌లో పెట్టి చూపించనిదే డబ్బు ఇవ్వకూడదు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయేదాకా ఎన్నో కార్డులు రాత్రింబవళ్లు నడిచాయి. ఆ కాలపు ఆర్‌టీఎక్స్ 3000, ఆర్‌ఎక్స్ 6000 వరుసల ఫ్యాన్లు అరిగి, చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. అమ్మేవారి ఎదుటే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి చిప్ పేరు, కోర్ల సంఖ్య, మెమరీ చూడండి. పాత చిప్ మీద కొత్త పేరు రాసి అమ్మే నకిలీలను అది చాలావరకు పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో దొరికేవాటిలో 2304కు బదులు 2048 కోర్లే ఉన్న రకం చాలా తిరుగుతోంది. తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ అనే పరీక్షా ప్రోగ్రామును పావుగంట నడిపి తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తున్నాయేమో, ఫ్యాను గరగరలాడుతోందేమో గమనించి, వెనకున్న సాకెట్లన్నిటికీ కేబుల్ పెట్టి చూడాలి.

తొమ్మిదో మెట్టు: బిగించడం, మొదటి వారం పరీక్షలు

కంప్యూటర్ ఆపి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్చి తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంటిమీది స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి. ప్రాసెసర్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పొడవాటి స్లాటుకు ఎదురుగా క్యాబినెట్ వెనక ఉన్న రేకులు రెండు తీసేయాలి. స్లాటు చివర ఉన్న చిన్న ప్లాస్టిక్ గొళ్లేన్ని కిందికి తెరిచి, కార్డు బంగారు అంచును స్లాటుకు నిటారుగా ఆనించి, రెండు కొసల మీద సమానంగా నొక్కాలి. గొళ్లెం టక్కుమని దానంతటదే పైకి లేచి కార్డును పట్టుకుంటుంది. ఆ శబ్దం రాకపోతే కార్డు సగమే దిగినట్టు. తర్వాత వెనక రేకుకు రెండు స్క్రూలు బిగించి, కరెంటు కేబుల్ పెట్టాలి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు సాకెట్‌కు కాకుండా కార్డు సాకెట్‌కే తగిలించాలి. ఆట నత్తనడక నడుస్తోందని బాధపడే కొత్తవారిలో చాలామంది దగ్గర కారణం ఇదే.

మొదట మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో, కార్డుకు రీసైజబుల్ బార్ ఆన్ చేయండి. విండోస్ వచ్చాక కంపెనీ వెబ్‌సైటు నుంచే డ్రైవర్ దించుకుని వేయండి. ఆపైన డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ భాగం తెరిచి రిఫ్రెష్ రేటు మార్చాలి. విండోస్ తనంతట తాను 60 దగ్గరే ఉంచేసే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడేవారూ ఉన్నారు. జీపీయూ-జెడ్‌లో మెమరీ బిల్లులో ఉన్నంతే ఉందా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి ఆ కార్డుకు రావలసినంత వెడల్పుగా వస్తోందా చూసుకోండి.

మొదటి వారమంతా కార్డును బాగా కష్టపెట్టండి. మీ కాగితం మీది ఆటల్లో అన్నిటికంటే బరువైనదాన్ని గంటకు పైగా ఆడుతూ హెచ్‌డబ్ల్యూ-ఇన్ఫో అనే ప్రోగ్రాములో ఉష్ణోగ్రత గమనించండి. చిప్ 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 85 దాటుతూ ఫ్యాన్లు హోరెత్తుతుంటే ముందు క్యాబినెట్ పక్క పలక తీసి మళ్లీ ఆడి చూడండి. వేడి బాగా తగ్గితే లోపం క్యాబినెట్ గాలిది, తగ్గకపోతే కార్డుది. తెర ఒక్కసారిగా నల్లబడి తిరిగి రావడం, ఆట మధ్యలో కంప్యూటర్ మొత్తం ఆగిపోవడం వంటివి కనిపిస్తే రోజులు గడపకుండా దుకాణానికి చెప్పండి. కొన్న కొద్ది రోజుల్లోనైతే కొందరు కార్డును మార్చి ఇస్తారు. ఆ గడువు దాటితే సర్వీస్ సెంటర్‌కు పంపి వారాల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ గడువు ఎన్నాళ్లన్నది బిల్లు చేయించుకునేటప్పుడే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. కొన్ని కంపెనీలు నిర్ణీత గడువులో వెబ్‌సైటులో నమోదు చేసుకున్నవారికే అదనపు వారంటీ ఇస్తాయి కాబట్టి ఆ పని కూడా ఈ వారంలోనే పూర్తిచేసి, బిల్లు ఫోటో ఒకటి మెయిల్‌లో దాచుకుని, కార్డు డబ్బానూ లోపలి యాంటీస్టాటిక్ సంచినీ వారంటీ అయ్యేదాకా అటక మీద పెట్టి ఉంచండి.